కదలని ఎనభై రెండు

“పావుగంట ఆలస్యమయ్యారండీ ఇందుజ గారూ. చూడాల్సిందంతా నేను చూసేశాను.”

ఆనంద్ పాల్ ఆ మాట ఎంతో మర్యాదగా అన్నాడు. అతను ఏ మాటైనా మర్యాదగానే అంటాడు. ఇందుజకు ఒళ్ళు మండేది అందుకే.

గురువారం ఉదయం పది ఇరవై. ఏలూరు శివార్లలో మూతబడిన గోదాం ఆవరణలో చేపల లారీ నిలబెట్టి ఉంది. రెండు రోజుల క్రితం, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు, కొల్లేరు గట్టు రోడ్డు మీద ఈ లారీ ఇంజను కాగిపోయి ఆగింది. డ్రైవరు మరిడయ్య కిందికి దిగి రేడియేటరు మూత తిప్పాడు. సలసల మరిగే నీళ్ళు ఎగజిమ్మి మొహాన పడ్డాయి. కళ్ళు కనబడక వెనక్కి వెనక్కి నడిచి చేపల చెరువులో పడ్డాడు. చెరువు మీద పనిచేసేవాళ్ళు పరుగెత్తుకొచ్చి తీసేసరికే ప్రాణం పోయింది.

లారీకి ఇంజను వేడిని తనంతట తానే అదుపు చేసే పెట్టె ఒకటి బిగించి ఉంది. దాన్ని తయారుచేసినవాడు తాడేపల్లిగూడెం కుర్రాడు సుహాస్. ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళ వేడిని ఒక సెన్సరు కనిపెట్టి చెబుతుంది. ఎనభై ఎనిమిది డిగ్రీలు దాటగానే పెట్టె ఫ్యాను తిప్పుతుంది. తొంభై అయిదు దాటితే రెండో ఫ్యానూ తిప్పి, డ్రైవరు చెవి పక్కన బజరు మోగిస్తుంది. మంగళవారం ఫ్యాను తిరగలేదు, బజరు మోగలేదు. సుహాస్‌ను పోలీసులు తీసుకెళ్ళారు. అతని భార్య హిమబిందు ఏలూరు వచ్చి ఇందుజను పట్టుకుంది. పాల్‌ను మాత్రం బీమా కంపెనీ పంపింది.

పదకొండేళ్ళ క్రితం వాళ్ళిద్దరూ విజయవాడలో ఒకే డిటెక్టివ్ ఏజెన్సీలో పక్కపక్క బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు. ఇందుజ మూడు నెలలు తిరిగి తేల్చిన కేసు ఒకటి, ఆమె జ్వరంతో పడుకున్న రోజున, పాల్ పేరు మీద ముగిసింది. అతను అబద్ధం చెప్పలేదు. ఎవరో మెచ్చుకుంటే కాదనలేదు, అంతే. ఆ తర్వాత పెద్ద కంపెనీల పనులన్నీ అతని వెంట నడిచాయి. ఇందుజకు తప్పిపోయిన పిల్లలూ పెళ్ళి సంబంధాల వాకబులూ మిగిలాయి. ఇప్పుడు కూడా అతని ఇస్త్రీ చొక్కానీ, తెల్ల కారునీ చూడకూడదనుకుంటూనే చూసింది.

“ఏం చూశారండీ?” అంది.

“సెన్సరు వైరు దగ్గర పని నాసిరకం. టేపు చుట్టి వదిలేశాడు. జాయింటు వదులై పెట్టె ఫెయిలయింది. పైగా డ్రైవరు కాగే ఇంజను మూత తిప్పాడు. రెండు తప్పులు, ఒక చావు. భీమడోలులో లారీ ఓనరుతో మాట్లాడితే సాయంత్రానికి నా రిపోర్టు వెళ్ళిపోతుంది.”

“మరిడయ్య ఎన్నేళ్ళుగా లారీ తోలుతున్నాడు?”

“ఇరవై ఆరేళ్ళు.”

“ఇరవై ఆరేళ్ళు తోలినవాడు కాగే బండి మూత తిప్పుతాడా పాల్ గారూ?”

“తిప్పాడు కదండీ.” పాల్ కారు తలుపు తీశాడు. “సుహాస్ తరఫున మీరు నిలబడటం సంతోషం. ఈమధ్య మీ పేరు ఎక్కడా వినబడటం లేదు మరి.”

కారు వెళ్ళిపోయింది. ఇందుజ లారీ వైపు తిరిగింది. సుహాస్ తప్పు చేయలేదని నమ్ముతోందా, లేక పాల్ తప్పు కావాలని కోరుకుంటోందా? నిజాయితీగా చెప్పాలంటే ఆమెకే తెలియలేదు.

గోదాం వాచ్‌మన్‌ను పిలిచి, తన ఫోను చేతికిచ్చి, “నేను చేసేదంతా వీడియో తీస్తూ ఉండండి బాబాయి గారూ, ఆపొద్దు,” అంది.

ముందు పెట్టె చూసింది. దాన్నుంచి ఆరు వైర్లు బయటికొస్తున్నాయి. అయిదు వైర్ల అతుకుల మీద ఎర్రటి ప్లాస్టిక్ తొడుగు బిగుతుగా ఉంది. ఆరోది సెన్సరు వైరు. దానికి మాత్రం తొడుగు లేదు, నల్లటి టేపు చుట్టి ఉంది. అయిదు చోట్ల శ్రద్ధగా పనిచేసినవాడు ఆరో చోట ఎందుకు బద్ధకిస్తాడు? టేపు కొసను గోటితో లేపి మెల్లగా విప్పింది.

సెన్సరు వైరు తెగి ఉంది. తెగిపోయింది కాదు, కత్తిరించారు. సెన్సరు వైపు కొసలు మడిచి పక్కకు పెట్టి, పెట్టె వైపు కొసలు రెండింటి మధ్యా బియ్యపు గింజంత రెసిస్టరు ముక్క అతికించారు. అంటే పెట్టెకు ఇంజనుతో సంబంధమే లేదు. ఆ ముక్క చెప్పిన వేడినే అది నమ్ముతూ వచ్చింది. అతుకు మాత్రం ముత్యంలా ఉంది.

పదకొండు గంటలకు హిమబిందుకు ఫోన్ చేసింది.

“బిందూ, ఆ పెట్టె వేడిని ఎక్కడైనా రాసిపెడుతుందా?”

“నిమిషానికోసారి రాస్తుందండీ. అందులో సిమ్ ఉంది, లెక్కంతా మా కంప్యూటర్‌కి వస్తుంది. పోలీసులు మంగళవారం తొమ్మిది నుంచి పది దాకా అడిగితే ఇచ్చాం. ఎనభై రెండే చూపించింది. అందుకే పెట్టె పాడైందన్నారు.”

“మంగళవారం తెల్లవారి నాలుగింటికి ఎంత ఉంది?”

కీబోర్డు చప్పుడు. “ఎనభై రెండండీ.”

“అప్పుడు లారీ ఎక్కడుంది?”

“మా గూడెంలోనే, కృష్ణమోహన్ గారి షెడ్‌లో. సోమవారం మధ్యాహ్నం నీళ్ళ గొట్టం మార్చడానికి ఇచ్చారు. మరిడయ్య పొద్దున్న అయిదింటికి వచ్చి తీసుకెళ్ళాడు.”

“అంటే రాత్రంతా ఇంజను ఆపే ఉంది. పన్నెండు గంటలు ఆగి ఉన్న ఇంజను ఎనభై రెండు డిగ్రీలు ఎలా ఉంటుంది?”

కీబోర్డు మళ్ళీ టకటకలాడింది. “ఇది మేం చూడలేదండీ. మేమూ ఆ గంటే చూశాం.”

“వెనక్కి వెళ్ళు. ఎప్పుడు మొదలైంది?”

“సోమవారం సాయంత్రం... నాలుగు ముప్ఫై ఒకటికి డెబ్బై నాలుగు. ముప్ఫై రెండు నుంచి ముప్ఫై ఏడు దాకా ఏమీ లేదు, ఖాళీ. ముప్ఫై ఎనిమిది నుంచి ఎనభై రెండు. ఇక కదల్లేదండీ.”

ఆరు నిమిషాలు. వైరు కత్తిరించి, ముక్క అతికించి, టేపు చుట్టడానికి సరిపోయే ఆరు నిమిషాలు.

ఇప్పుడు మరిడయ్య కూడా అర్థమయ్యాడు. లారీలో పాత మీటరు ఎప్పుడో చచ్చిపోయింది. అతని ముందున్నది సుహాస్ పెట్టెకు తగిలించిన మీటరు ఒక్కటే. తెల్లవారుజామున ఖాళీ లారీతో హైవే మీద వెళ్ళినంతసేపూ ఎదురుగాలికి ఇంజను నిలదొక్కుకుంది. చేపలూ ఐసూ ఎత్తి, బురద గట్టు మీద మొదటి గేరులో లాగేసరికి కాగిపోయింది. ఆవిరి చూసి దిగే ముందు అతను మీటరు చూసే ఉంటాడు. ఎనభై రెండు. గొట్టం ఎక్కడో కారుతోందనుకుని, నీళ్ళు పోద్దామని మూత తిప్పాడు. నమ్మినందుకు చచ్చిపోయాడు.

పాల్‌కు ఫోన్ చేసి చెప్పెయ్యాలనిపించింది. ఆ వెంటనే వద్దనిపించింది. సాయంత్రం అతను రిపోర్టు పంపనీ. రేపు పొద్దున్న బీమా కంపెనీ వాళ్ళ ముందు ఆ వీడియో, ఆ అంకెలు పక్కపక్కన పెట్టి అతని మొహం చూడాలి. పదకొండేళ్ళుగా ఎదురుచూసిన ముచ్చట అది. ఫోను సంచీలో పడేసి గూడెం బస్సెక్కింది.

పన్నెండు ముప్పావుకు కృష్ణమోహన్ షెడ్‌లో అడుగుపెట్టింది. ఆయనకు అరవై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా లారీల రేడియేటర్లు బాగుచేస్తున్నాడు. సుహాస్ డిప్లొమా చదివే రోజుల్లో పని నేర్చుకున్నది ఈయన దగ్గరే. షెడ్ లోపల కొడుకు అభిరామ్, ఇరవై ఎనిమిదేళ్ళవాడు, వంగి ఆకురాయితో ఏదో గొట్టం రుద్దుతున్నాడు. తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

“కూర్చోండమ్మా,” అన్నాడు కృష్ణమోహన్. “పాపం సుహాస్‌కి ఎంత కష్టమొచ్చింది చూడండి. బంగారంలాంటి కుర్రాడు.”

గోడ మీద పేపరు కత్తిరింపు ఒకటి అద్దం కట్టించి తగిలించారు. పెట్టె చేతిలో పట్టుకుని సుహాస్, భుజం మీద చెయ్యి వేసి కృష్ణమోహన్. ఫొటో అంచున ఇంకెవరిదో మోచెయ్యి, చొక్కా అంచు మాత్రం కనబడుతున్నాయి. మనిషి లేడు. కత్తిరించినవాళ్ళు ఆ మనిషిని అక్కర్లేదనుకున్నారు. లోపల పనిచేస్తున్న కుర్రాడి మోచేతి మీద పాత కాలిన మచ్చ ఉంది. ఫొటోలో మోచేతికీ ఉంది. అలా ఫొటో అంచున మిగిలిపోవడం ఎలా ఉంటుందో ఇందుజకు తెలుసు. పదకొండేళ్ళ క్రితం ఆ మోచెయ్యి తనది.

“సోమవారం సాయంత్రం నాలుగున్నరకు ఈ షెడ్‌లో ఎవరున్నారండీ?”

“నేనూ, మావాడూ.”

“లారీ దగ్గర పనిచేసిందెవరు?”

“గొట్టం నేనే మార్చానమ్మా.”

“సెన్సరు వైరు?”

“అదేంటో నాకు...”

ఆమె ఫోనులో వీడియో పెట్టి చూపించింది. కత్తిరించిన వైరు, నల్ల టేపు, మధ్యలో చిన్న ముక్క. పెట్టె రాసిపెట్టిన టైములు చదివి వినిపించింది. లోపల ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. కృష్ణమోహన్ ఆ చప్పుడు ఆగిన వైపు ఒక్కసారి చూశాడు. తిరిగి ఇందుజ వైపు తిరిగేసరికి ఆయన మొహం మారిపోయింది.

“నేనే చేశాను,” అన్నాడు.

“ఎందుకండీ?”

“కుళ్ళమ్మా. ఇంజన్లు కాగితేనే కదా నా దగ్గరికొస్తాయి. ఆ పెట్టెలొస్తే నా షెడ్ మూసుకోవాల్సిందే. నిన్నగాక మొన్న నా దగ్గర స్పానరు పట్టుకోవడం నేర్చుకున్నవాడు నన్ను మించిపోతే ఓర్చుకోలేకపోయాను. రాసుకోండి.”

ఇందుజ సంచీలోంచి కవరు తీసి, వచ్చే దారిలో గూడెం కొట్లో కొన్న కొత్త రెసిస్టరు ఒకటి ఆయన అరచేతిలో పెట్టింది. “మీరు అతికించింది ఇలాంటిదే. దీని మీద రంగు గీతలుంటాయి. ఏయే రంగులో చెప్పండి.”

ఆయన చెయ్యి వెలుతురులోకి చాచాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు, మళ్ళీ దూరం పెట్టాడు. “ఎరుపు... నలుపు...”

“ఎన్ని గీతలు?”

ఆయన ముక్కను వేళ్ళతో తడిమాడు. ఆయన కుడికన్ను నల్లగుడ్డు మీద పాలపొరలాంటి శుక్లం ఆమెకు స్పష్టంగా కనిపిస్తోంది.

“కృష్ణమోహన్ గారూ, గొట్టాలు మీరు తడిమి బిగించగలరు. ఇంత చిన్న ముక్కను ఆరు నిమిషాల్లో అతికించలేరు.” ఆమె లోపలి వైపు తిరిగింది. గొంతు మెత్తబడింది. “ఆ అతుకు చూశాను అభిరామ్. ఎంత బాగుందో! సుహాస్ వేసిన అయిదు అతుకులూ దాని ముందు దిగదుడుపే.”

“వాడికి సోల్డరింగ్ నేర్పిందే నేను!”

మాట అతని నోటినుంచి దూసుకొచ్చేసింది. అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. చేతిలో గొట్టం కింద పడింది.

“ఒరేయ్...” అన్నాడు తండ్రి.

“నేర్పలేదా నాన్నా? చెప్పు. రాత్రి పదింటి దాకా వాడి చెయ్యి పట్టుకుని నేర్పింది నేను కాదా?” అభిరామ్ బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. “పుట్టినప్పటి నుంచీ ఈ షెడ్‌లోనే ఉన్నానండీ. ఒక్కరోజు బాగా చేశావురా అనలేదు. వాడు ఆ పెట్టె తెచ్చిన రోజున నాన్న తన కుర్చీలోంచి లేచి వాణ్ని కూర్చోబెట్టాడు. నాన్న లేచి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికెళ్తే అన్నం దగ్గరా వాడి మాటే. అమ్మ కూడా, సుహాస్‌ని చూసి నేర్చుకోరా అని.”

“అందుకని మరిడయ్యను చంపావా?”

“చంపాలని కాదండీ! దేవుడి మీద ఒట్టు. బండి రోడ్డు మీద కాగి ఆగిపోవాలి. పెట్టె పనికిరాదని నాన్న తన నోటితో అనాలి. ఒక్కసారి. అంతే అనుకున్నాను. ఆ మీటరు చూసి మూత తిప్పుతాడని...”

కృష్ణమోహన్ రెసిస్టరు ముక్కను బల్ల మీద పెట్టి కూలబడ్డాడు. కొడుకు వైపు చూడలేదు. ఇందుజకు ఆ కుర్రాడి మీద అసహ్యం రావాలి. రాలేదు. అది ఆమెను భయపెట్టింది.

“ఎన్ని బండ్లకు చేశావు?” అంది కటువుగా.

అతను కింద పడిన గొట్టం తీయడానికి వంగాడు.

“ఎన్నిటికి?”

“ఇంకొకటి. సోమవారమే, అయిదున్నరకి. ట్రావెల్స్ బస్సు. దానికీ వాడి పెట్టే ఉంది. సర్వీసుకి వచ్చింది. మరిడయ్య పోయాక తీసేద్దామనుకున్నాను, వాళ్ళ గ్యారేజీకి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. ట్రిప్పు శనివారం కదా, రేపు వెళ్ళి...”

“ఏ బస్సురా?” కృష్ణమోహన్ లేచాడు. “చిన్నతిరుపతి గుడికెళ్ళే బస్సా?”

“అవును నాన్నా. శనివారం వెళ్ళేది.”

“శనివారం రద్దీ అని ఇవాళ్టికి మార్చార్రా!” ఆయన కొడుకు భుజాలు పట్టి కుదిపాడు. “పన్నెండుంబావుకి బయల్దేరింది. మీ అమ్మ అందులో ఉంది.”

టైము ఒంటిగంట పది. అభిరామ్ తల్లి రత్నాంబకు చేసిన ఫోను ఇంట్లోనే మోగింది. గుడికి వెళ్ళేటప్పుడు ఆవిడ ఫోను తీసుకెళ్ళదు. ట్రావెల్స్ వాళ్ళు డ్రైవరుకు చేస్తే ఎత్తలేదు; బస్సులో నలభై ముగ్గురున్నారని చెప్పారు. ఇందుజ ఫోనులో హిమబిందును పట్టుకుంది.

“ఆ బస్సు ఇప్పుడెక్కడుంది? వేడి ఎంత?”

“ఎనభై రెండు... అయ్యో, సోమవారం నుంచీ ఎనభై రెండే అండీ! భీమడోలు దాటింది. చిన్నతిరుపతి రోడ్డులో ఉంది.”

పోలీసులకు చేయమని హిమబిందుకు చెప్పింది. ఇక్కణ్ణుంచి తను వెళ్ళాలంటే ముప్పావు గంట పైనే. ఏసీ నడుస్తూ, నిండా జనంతో, హైవే దిగి మెట్టదారి ఎక్కుతున్న బస్సుకు అంత వ్యవధి లేదు. భీమడోలులో, ఆ రోడ్డు మొదట్లో, కారుతో సహా ఉన్న మనిషి ఒక్కడే.

ఆనంద్ పాల్ పేరు మీద వేలు ఆగింది. ఒక్క క్షణం. నిజంగా ఒక్క క్షణమే. కానీ ఆగింది.

“చెప్పండి ఇందుజ గారూ,” అన్నాడు నవ్వుతూ. “నా రిపోర్టు కాపీ కావాలా?”

“మీ రిపోర్టు తప్పు. అది తర్వాత. వెంటనే కారెక్కండి. చిన్నతిరుపతి రోడ్డులో ట్రావెల్స్ బస్సొకటి వెళ్తోంది. లారీకి చేసిందే దానికీ చేశారు. మీటరు అబద్ధం చెబుతుంది. అది కాగుతుంది, డ్రైవరు మూత తిప్పుతాడు. ఆపండి.”

ఎలా, ఎవరు, రుజువేమిటి అని అతను ఒక్క ప్రశ్న అడగలేదు. కారు తలుపు పడిన చప్పుడు, ఇంజను చప్పుడు వినిపించాయి. ఫోను పెట్టెయ్యలేదు. ఇందుజ స్పీకరు పెట్టింది, షెడ్‌లో ముగ్గురూ ఆ ఫోను చుట్టూ చేరారు. హారను. మళ్ళీ హారను. ఒంటిగంట పద్దెనిమిది. ఒంటిగంట ఇరవై.

“కనబడింది,” అన్నాడు పాల్. “పక్కకి ఆగి ఉంది. ముందు నుంచి ఆవిరొస్తోంది. జనం దిగుతున్నారు. డ్రైవరు... చేతిలో తడిగుడ్డ ఉంది.”

“మూత ముట్టుకోనివ్వొద్దు పాల్! మూత!”

తలుపు తెరుచుకుంది. బూట్ల పరుగు. “ఏయ్! ఆగు! చెయ్యి తియ్యి!” తర్వాత బుస్సుమని పెద్ద చప్పుడు, ఆడవాళ్ళ కేకలు, ఫోను రాళ్ళ మీద పడిన శబ్దం. ఆ తర్వాత కేకలు తప్ప ఇంకేమీ లేవు. కృష్ణమోహన్ భార్య పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఆవిడకు వినబడుతుందన్నట్టు. అభిరామ్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

రెండు నిమిషాలు గడిచాయి.

“ఇందుజా.” పదకొండేళ్ళలో మొదటిసారి అతను గారు లేకుండా పిలిచాడు. పళ్ళ బిగువున మాట్లాడుతున్నాడు. “డ్రైవరుని లాగేశాను. అప్పటికే మూత సగం తిరిగింది. అతనికేం కాలేదు. జనమంతా క్షేమం. నా కుడి చెయ్యి... మోచేతి దాకా పోయిందనుకుంటా.”

“ఆవిడ బాగానే ఉందండీ,” అని ఇందుజ కృష్ణమోహన్‌కు చెప్పింది. ఆయన గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

నలభై ముగ్గురు బతికారు. ఆ కబురు విన్నాక ఆమె మనసులో ముందుగా లేచింది సంతోషం కాదు, అతని చెయ్యి గురించిన దిగులూ కాదు. ఆ రోడ్డు మీద పరుగెత్తింది తను కాదే అన్న మంట. కేసు తేల్చింది తనే, అయినా జనం చేతులు పట్టుకుని ఏడ్చేది అతనివి. ఇప్పుడతన్ని ద్వేషించే వీలు కూడా లేకుండా చేశాడు.

ఆ మంట చల్లారేదాకా ఆగి, అప్పుడు అడిగింది. “నొప్పి ఎక్కువగా ఉందా పాల్?”

అవతల మరెవరో ఫోను అందుకుని, “ఆయన పడిపోయారండీ,” అంటున్నారు.

ఆమె తలెత్తింది. అభిరామ్ చెవుల మీంచి చేతులు తీసి, కన్నార్పకుండా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. అందులో ఏం చదివాడో గానీ, అతనికి అంతా అర్థమైనట్టే ఉంది. ఇందుజ చూపు తిప్పుకుంది.